పూజల పెట్టిన హ్యాండిల్

"నాయినమ్మా, తాత లారీలు బంద్ పెట్టిచ్చిండట గదా. గా ముచ్చట జెప్పవా?"

మీ తాత ఒక్కడే పెట్టిచ్చిండా బిడ్డా? అందరు గల్సి పెట్టిన్రు. గప్పుడు సమ్మె అనకపోదురు, హర్తాళ్ అందురు. జర ఆ మెత్త ఇటియ్యి, నడుముకు పెట్టుకుంట. ఆఁ... పోలీసు యాక్షన్ అయిన మర్సటేడు. కాదు కాదు, ఆగు... ఔ, మర్సటేడే. మీ పెద్దనాయిన నా కడుపుల ఉండె.

మనోళ్ళంత గొర్ల మందలోళ్ళు గదా. మా తల్లిగారి ఊరు త్రిపురారంల గూడ గంతే. మా సెల్లెను వాడపల్లి ఇస్తే ఆళ్ళు గూడ గొర్లోళ్ళే. మీ తాత ఒక్కడే కట్టె పారేసి సూర్యాపేటకొచ్చి ఒక షావుకారి లారీ మీద డ్రైవరయిండు. ఆయన అన్నలు ముఖం మీదనే అన్నరు, "మంద ఇడిసి మోటరెక్కినవ్, ఇగ మల్ల మా గడపకు రాకు" అని. అంటే ఏంది? ఆ నౌకరి పోతే మాకు ఎటు పోదామన్నా దిక్కు లేదు. గది యాదికి పెట్టుకొని ఇను.

సూర్యాపేట మార్కెట్ల పల్లికాయ, ఆముదాలు నింపుకొని ఆ షావుకారి లారీలు కొన్ని కోదాడకు, కొన్ని మిర్యాలగూడకు పోతుండె. పెట్రోల్ యాడిది గప్పుడు? బొగ్గు లారీలు. నవ్వకు, నిజమే! లారీ ఎనకాల ఇంత లావు పొయ్యి ఉంటది. బొగ్గు మండిస్తే దాని గ్యాసుతోటి ఇంజను నడిసేది. ముంగట హ్యాండిల్ వెట్టి గిర్రున తిప్పితేనే స్టార్టయ్యేది. హ్యాండిల్ లేకుంటే గది ఉత్త ఇనుము.

కోదాడ బాటల ఒకసారి మీ తాత పొయ్యి మూత తీస్తుంటే మంట ఎగిరి కుడిచెయ్యి మోచేతి దాంక కాలింది. దవాఖాన ఖర్సు ఇయ్యకపోగా, పని చెయ్యని దినాలకు జీతం ఎక్కడిదన్నడు షావుకారు. టైరు పలిగినా జీతంల కోసుడే. రోడ్డు మీద రాళ్ళుంటే డ్రైవర్ తప్పా, సెప్పు? జీతం గూడ ఎంతుండె... అర్ధణాకు దోసెడు చింతపండు వచ్చే కాలం, అయినా నెల ఎల్లకపోయేది. ఇగ మీ తాత చెయ్యి సూసినంక అందరికి కడుపు మండింది. సూర్యాపేటల, కోదాడల, మిర్యాలగూడల ఏడి లారీ ఆడ్నే ఆపిన్రు. జీతం పెంచాలె, టైరు పైసలు కొయ్యొద్దు, కాలితే దవాఖానల షావుకారే సూపియ్యాలె. గివీ ఆళ్ళు అడిగినయి.

షావుకారు గూడ తక్కువోడు గాదు. దసరా పండుగెల్లిన తెల్లారే బెజవాడ నుంచి కొత్త డ్రైవర్లను తెస్త, మీరు మీ గొర్ల కాడికి పొండ్రి అన్నడు. నేను కడుపుతోని ఉన్న గదా, మస్తు భయపడ్డ. మీ తాతకు మాత్రం నౌకరి రంది కన్న ఇంకో రంది ఎక్కువుండె. "దసరాకు బండికి పూజ చెయ్యకుంటే ఎట్లనే?" అంటడు. ఆ రందికి అన్నం గూడ తినబుద్ధి కాలే ఆయనకు. జీతం ఇయ్యకపోయినా బండి మాదే అన్నట్టుండేటోళ్ళు డ్రైవర్లు.

ఇగ అందరు అనుకున్నరు, పనికి పోవద్దు, పూజకు పోదాం అని. పండుగనాడు తానాలు జేసి పూలు, గుమ్మడికాయ పట్టుకొని లారీల షెడ్డుకు పోతిమి. మమ్మల్ని సూసి షావుకారు మురిసిపోయిండు, ఇగ దిగొచ్చిన్రు అనుకున్నడేమో. ఆ మురిపెంల అన్ని బండ్ల హ్యాండిళ్ళు, నట్లు ఇప్పే పానాలు, జాకులు తనే తెప్పిచ్చి అమ్మోరి పటం ముంగట పెట్టిచ్చిండు. తనే బొట్లు పెట్టిండు, తనే కొబ్బరికాయ కొట్టిండు. మేం ప్రసాదం తిని ఇంటికొచ్చినం.

మల్ల పూజల పెట్టిన సామాను ఎవలంటే ఆళ్ళు ఎత్తుతరా? ఆ బండి మీద పని జేసే చెయ్యే మొక్కి ఎత్తాలె. గది మా మోటరోళ్ళ కట్టడి. తెల్లారినంక మా ఇండ్లల్ల ఒక్కలు కదల్లే.

బెజవాడోళ్ళు దిగనే దిగిన్రు. హ్యాండిల్ ఎత్తుండ్రి అన్నడు షావుకారు. అండ్ల పెద్ద డ్రైవరు పటం దిక్కు సూసిండు. "ఈ బండ్ల డ్రైవర్లు ఎక్కడున్నారండీ?" అన్నడట. హర్తాళ్ సంగతి తెలిసినంక చెప్పులిడిసి దండం పెట్టి, "ఇంకోళ్ళు పూజ చేసుకున్న సామాను మేం ముట్టమండీ. రేపు మా సామానూ ఇంకోళ్ళు ఇలాగే ఎత్తుతారు" అన్నడట. ఎవలాయన, మాకేమయితడు బిడ్డా? ముఖం గూడ ఎరగం. మా గుడిసె ముంగటికెల్లి పోతుంటే నీళ్ళిచ్చిన, తాగి చెయ్యెత్తి మొక్కి పోయిండు. ఇప్పటికీ తలుసుకుంటే నాకు కండ్లల్ల నీళ్ళొస్తయి.

కోపంల షావుకారే పోయి ఎత్తబోతే ఆళ్ళమ్మ అడ్డం నిలబడి లొల్లి పెట్టిందట, "బండి బోల్తా కొట్టాల్నా నీకు!" అని. మార్కెట్ల పల్లికాయ బస్తాలు కుప్పలు పడ్డయి. యాపారులు షావుకారి మీద పడ్డరు.

ఇగ ఒక పొద్దుగాల మా గుడిసె ముంగట అలికిడయింది. సూస్తే షావుకారు! ఎన్నడన్న పిలిస్తే "ఏయ్ గొర్లోడా" అనేటోడు. గా దినం, "నర్సయ్యా, నువ్వడిగినయన్ని ఇస్త. వచ్చి ఎత్తయ్యా" అన్నడు. మీ తాత లేవలే. "మా అందర్నీ పిలువు, అందరం వస్తం" అన్నడు. షావుకారు ఇల్లిల్లు తిరిగి పిలిసిండు బిడ్డా! కోదాడకు, మిర్యాలగూడకు కబురు తోలిండు.

నేను గూడ షెడ్డుకు పోయి నిలబడ్డ. మీ తాత కాలిన చెయ్యికి గుడ్డ కట్టే ఉండె. ఆ చేతితోనే మొక్కి హ్యాండిల్ ఎత్తిండు. తిప్పుడు ఆ చేతితోని అయితదా? పక్కోడు తిప్పిండు. ఇంజను గుర్రుమంటే షెడ్డంత కేకలు. నా మొగడు, మందల కెల్లి ఎల్లగొట్టిన మనిషి... ఏం జెప్పాలె, గప్పటి నా గర్వం.

రేపు నువ్వు గూడ నౌకరిల చేరుతున్నవ్ గదా. దగ్గరికి రా, నెత్తి మీద చెయ్యి పెడ్త. సల్లగుండు. పని మంచిగ చెయ్యి తల్లీ... నీ పక్కనున్నోళ్ళను ఇడిసిపెట్టి ఒక్కదానివే పోకు... గంతే...