చివరి పలక

అన్నదమ్ముల వాటాలు తేలాయి. హాలు మధ్యలో జిప్సం బోర్డు పలకల గోడ లేచింది. వీడియోలు చూసి తమ్ముడే పలకల అతుకులకు టేపు వేస్తున్నాడు, వదిన నిచ్చెన పట్టుకుంది.

"వదినా, టేపు బుడగ లేచింది."

"కింద పుట్టీ పెట్టకుండా అతికిస్తే లేవదా, మేస్త్రీగారూ? పీకి మళ్లీ వెయ్యి."

"పైన పుట్టీ రుద్దేస్తే కనబడదుగా?"

"ఇవాళ కనబడదు. ఆరాక పగులుతుంది."

అతను టేపు పీకాడు.

"ఆ చివరి పలకకి టేపు లేదేం?"

"మర్చిపోయాను."

"మరలు కూడా మర్చిపోయావా? మూలలకే బిగించావు."

అతను తల దించుకున్నాడు. "అన్నయ్య మనసు మారితే, విప్పడానికి వీలుగా ఉంటుందని..."

వదిన లోపలిగది వైపు చూసి గొంతు తగ్గించింది.

"సందు కనబడితే మీ అన్నయ్య ఇప్పుడే మూయిస్తారు. టేపు వద్దు, పైన పల్చగా పుట్టీ రుద్దు."

"ఆరాక పగులుతుందన్నావుగా?"

"పగలనీ."