గేటు ముందు కాంక్రీటు

కోరుట్లలో లసుమవ్వ కొడుకు కొత్తగా కారు కొన్నాడు. అది ఇంట్లోకి ఎక్కేందుకు మేస్త్రి తిరుపతి నిన్ననే గేటు ముందు కాంక్రీటు పోశాడు. పొద్దున వచ్చి చూస్తే దాని మీద నీళ్లకు బదులు మక్కలు, అదే మొక్కజొన్న గింజలు, ఆరుతున్నాయి.

“ఏందవ్వా గిది? చుట్టూ మట్టికట్ట కట్టి వారం దినాలు నీళ్లు నిలుపమన్న గదా!”

“నీళ్లల్ల మక్కలు ఆరుతయా?”

“గీ ఎండకు నీళ్లు లేకుంటే నెర్రెలు పడ్తయి. కారెక్కంగనే పలుగుతది. ఊరంత నన్నే తిడ్తరు.”

“ఇప్పుడేమన్న మెచ్చుకుంటున్నరా?”

తిరుపతికి ఒళ్లు మండింది.

“మక్కలు ఎత్తుతవా, పైపు పెట్టి తడపాల్నా?”

“తడుపు చూస్త! గా పైపు నీ మెడకే చుడ్త.”

అంతలో ఉరిమింది. ఇద్దరూ తలెత్తి మబ్బు వైపు చూశారు.

“అగో, నా కాంక్రీటుకు పైనుంచే నీళ్లస్తున్నయ్!”

“నవ్వింది చాలు, గీ సంచి మూతి పట్టు!”

తిరుపతి గొణుక్కుంటూనే పట్టాడు. ఆఖరి సంచి అరుగెక్కేసరికి చినుకులు మొదలయ్యాయి.

“పంట పంటకు గిట్లనే ఆరబోస్తే కారు ఏడ పెడ్తరవ్వా?”

“రోడ్డు మీదనే ఉంటది. తడిస్తే కారుకు మొలకలొస్తయా?”