సిగ్నల్ పోయి తొమ్మిది రోజులు

మొగల్తూరులో లెక్కల టీచరుగా రిటైరయ్యాకే డ్రైవింగు నేర్చుకున్న దేవకుమారి గారు, ఆ మధ్యాహ్నం నరసాపురంలో బుల్లబ్బాయి నడిపే కార్ల ఎలక్ట్రికల్ షెడ్డులో కారు ఆపారు. తన పెళ్ళి మాట ఎత్తకుండా ఇద్దరు తమ్ముళ్ళనీ ఒక చెల్లెల్నీ చదివించి పంపిన మనిషికి, మాట్లాడడానికి ఇవాళ ఒక మెకానిక్కు దొరికాడు. ఆవిడ అతన్ని తొందరగా వదిలేలా లేరు.

"తొమ్మిది రోజులా అండి! ఇన్నాళ్ళూ ఊరుకున్నారేంటండీ?"

"ఎవరన్నా ఫోను చేస్తారేమోనని చూశాను బాబూ."

"ఎవరండీ, కంపెనీ వాళ్ళా?"

"ఆ... ఎవరో ఒకరు. నువ్వు ముందు ఆ జీపీఎస్ పెట్టె సంగతి చూడు. డ్యాష్‌బోర్డు కింద ఉంది. నీలం దీపం వెలిగేది, ఇప్పుడు వెలగడం లేదు."

"నీలం అంటే శాటిలైట్ అండి. అందడం లేదన్నమాట. ముందు కారు బయటికి తియ్యండి టీచర్ గారూ. ఈ రేకుల కింద ఎలాగూ అందదు. పెట్టెకి ఆకాశం కనపడాలండి."

"తీశాను. ఇక్కడ చాలా?"

"చాలండి. ఓ పది నిమిషాలు చూద్దాం."

"పది నిమిషాలేం, అరగంట చూడు. నాకేం పనుంది."

"ఈ పెట్టె ఎవరు పెట్టించారండీ?"

"పెద్ద తమ్ముడు కిరణ్ కుమార్. రాజమండ్రిలో ఉంటాడు. నేను కారు కొన్నానంటే ముగ్గురూ హడలిపోయారు. ఈ వయసులో డ్రైవింగేంటక్కా, దారిలో ఏమన్నా అయితే ఎవరికి తెలుస్తుంది అని. కిరణే దగ్గరుండి బిగించాడు. నా కారు ఎక్కడుందో ముగ్గురి ఫోన్లలోనూ మ్యాపు మీద బొమ్మ కనపడుతుంది. గంటసేపు కనపడకపోతే పరిగెత్తుకొచ్చేస్తాం అన్నారు."

"అదృష్టవంతులండి మీరు. మా అక్క ఉండేది పాలకొల్లే, నేను చూసి రెండు నెలలైంది... ఊహూ, వెలగలేదండి. అద్దానికి ఈ ఫిల్మేంటండీ, వెండిలా మెరుస్తోంది?"

"చెల్లెలు వేయించమంది. ఆడమనిషి ఒక్కతే వెళ్తోందని బయటికి తెలియకూడదంట."

"ఇందులో లోహం ఉంటుందండి. శాటిలైట్‌కి అడ్డం. వేయించి ఎన్నాళ్ళైంది?"

"రెండేళ్ళు."

"అయితే ఇది కాదండి. మొన్నటిదాకా అందింది కదా. ఈ చార్జర్లు పీకి చూస్తాను. చవకరకంవి దగ్గర్లో ఉన్నా సిగ్నల్ చెడుతుంది. మీ ఒక్కరికీ రెండెందుకండీ?"

"పక్క సీట్లో ఎవరన్నా కూర్చుంటే వాళ్ళ ఫోనుకి."

"ఎవరు కూర్చుంటారండీ?"

"కూర్చుంటే, అన్నాను."

"వెనక సీటుకి ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదేంటండీ? కొన్నప్పటివేనా?"

"నువ్వు పెట్టె చూడు బాబూ."

"చూస్తున్నానండి. చార్జర్లూ కాదు. ఇంక పెట్టే బయటికి లాగి... ఇదేంటండోయ్!"

"ఏంటి?"

"దీనికెవరో అల్యూమినియం ఫాయిల్ చుట్టారండి! ఒకటి కాదు, మూడు చుట్లు. దీపం దగ్గర మాత్రం కన్నం పెట్టారు. ఏ మెకానిక్కండీ ఈ పని చేసింది? ఇలా చుడితే శాటిలైట్ కాదు కదా, దాని తాత దిగొచ్చినా అందదు."

"మెకానిక్కులెవరూ ముట్టుకోలేదు."

"మరి? ఎలకలు ఫాయిల్ చుట్టవు కదండీ. ఎంత నీటుగా మడిచారో చూడండి, పులిహోర పొట్లంలా."

"చర్చిలో ప్రేమవిందుకి పొట్లాలు కట్టాం. మిగిలింది తెచ్చుకున్నాను."

"మీరా అండి?"

"నేనే."

"ఎందుకండీ?"

"ఆ ఫాయిల్ చింపకు, జాగ్రత్తగా విప్పు."

"టీచర్ గారూ?"

"గంటసేపు కనపడకపోతే వస్తామన్నారు కదా. చూద్దామనిపించింది. మొదటి రోజంతా ఫోను చేత్తో పట్టుకునే కూర్చున్నాను. బాత్రూముకి కూడా తీసుకెళ్ళాను. నవ్వకు."

"నవ్వట్లేదండి."

"మూడో రోజు ఫోనే పాడైందేమోనని పక్కింటి జ్ఞానమ్మ గారి చేత చేయించాను. శుభ్రంగా మోగింది. రోజూ పొద్దున్నే మా గ్రూపులో ముగ్గురూ బైబిలు వాక్యం పెడతారు, నేను ఆమెన్ అని పెడతాను. అది మాత్రం ఒక్క రోజూ ఆగలేదు. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను బాబూ. ఆ మాట వాళ్ళతో అనడానికి సిగ్గేసింది. అనలేక ఈ పిచ్చిపని చేశాను."

"అలా అనుకోకండి. ఒక్కోసారి కారు కనపడట్లేదన్న అలర్టు ఫోన్లకి వెళ్ళదండి. వాళ్ళ తప్పు కాకపోవచ్చు."

"అదే తెలుసుకుందామని వచ్చాను. అలర్టు వెళ్ళిందా లేదా, అదొక్కటీ చూసి చెప్పు. వెళ్ళకపోతే వాళ్ళని నేను ఉత్తినే ఆడిపోసుకున్నట్టే కదా. హాయిగా ఇంటికి పోతాను."

"ముందు ఫాయిల్ తీసేస్తానుండండి... కాసేపు పడుతుంది... అదిగో, నీలం వెలిగింది. శాటిలైట్ అందేసింది."

"హమ్మయ్య. ఇంక అలర్టు సంగతి చూడు."

"ఉండండి, ఈ పక్కది ఆకుపచ్చ దీపం. సిమ్ అండి ఇది. ఇది వెలగట్లేదేంటి? ఇంతకు ముందు వెలిగేదా?"

"ఏమో. నేను నీలమే చూసేదాన్ని."

"లాగిన్ ఉందా అండి మీ దగ్గర?"

"ఆ అరలో కాగితం మీద తమ్ముడు రాసిచ్చాడు. నా ఫోన్లో ఎప్పుడూ పెట్టుకోలేదు. నన్ను నేను వెతుక్కోవడమెందుకని."

"నా ఫోన్లో చూస్తాను... ఆ, వచ్చింది. అలర్టు వెళ్ళలేదండి."

"వెళ్ళలేదా! నిజంగా? చూశావా, పాపం వాళ్ళకి తెలీనే తెలీదు. నేనే అనవసరంగా..."

"టీచర్ గారూ, అది కాదండి. సిమ్‌కి మొదటి ఏడాది రీచార్జి కంపెనీ వాళ్ళే వేసిస్తారు. తరవాత మనం రీచార్జి చేయించుకోవాలి. పెట్టించినవాళ్ళ ఫోనుకి మెసేజీలు కూడా వస్తాయి. ఎవరూ చేయించలేదండి. ఆగిపోయింది."

"మొన్నేనా?"

"పద్నాలుగు నెలలైందండి."

"అదేంటి? నీలం రోజూ వెలిగేది కదా!"

"శాటిలైట్‌ని పట్టుకుని మీరెక్కడున్నారో పెట్టె తెలుసుకుంటుందండి. ఆ కబురు వాళ్ళ ఫోన్లకి చేరవేసేది సిమ్. మీరెక్కడున్నారో పెట్టెకి రోజూ తెలుసు. ఎవరికీ చెప్పలేకపోయింది."

"మొన్న ఈస్టరుకి రాజమండ్రిలో కిరణ్ వాళ్ళ వీధి చివర రెండు గంటలు కారాపుకుని కూర్చున్నాను. బొమ్మ చూసి, లోపలికి రా అక్కా అంటాడని."

"కనపడి ఉండదండి."

"కనపడి ఉండదు."

"రీచార్జి చేసేస్తానండి. ఎంతసేపు!"

"ఆగు. వాళ్ళ ఫోన్లలో బొమ్మ అసలు పోయిందా, ఎక్కడన్నా నిలిచిపోయిందా?"

"చివర ఎక్కడుంటే అక్కడ నిలిచిపోతుందండి."

"అయితే మా ఇంటి దగ్గరే నిలిచుంటుంది. అదీ సంగతి. అక్క కారు ఇంట్లోనే ఉందని ధీమాగా ఉన్నారు. ఇంట్లో ఉన్న మనిషిని ఎక్కడున్నావని ఎవరు మాత్రం ఎందుకు అడుగుతారు?"

"అంతేనండి. ఈ కాగితం అరలో పెట్టేస్తున్నాను."

"ఇంటి దగ్గరే కదా?"

"ఏముందిలెండి. ఎక్కడో అక్కడ."

"బుల్లబ్బాయీ, ఎక్కడ?"

"భీమవరంలోనండి."

"అవునవును. కిందటేడు జ్ఞానమ్మ గారికి ఆయాసమొస్తే నేనే తీసుకెళ్ళాను. తెల్లారేదాకా అక్కడే ఉన్నాం. భీమవరంలో ఎక్కడ నిలిచింది? చెప్పు, నేనేం అనుకోను."

"ఆసుపత్రిలో ఎమర్జెన్సీ గేటు ముందండి. పద్నాలుగు నెలల నుంచీ ముగ్గురి ఫోన్లలోనూ మీ కారు అక్కడే ఉందండి."