వల కట్టనిదే పైకెక్కనివ్వని హుసేనప్ప గారు

కూరెకుప్ప దారిలో మన సంస్థ తొలి నిర్మాణానికి పునాదులు తవ్వుతున్న రోజుల్లో, 1996 ఆగస్టు 12వ తేదీ సోమవారం ఉదయం, భుజాన తాళ్ళ చుట్టతో వచ్చి సహాయకుడిగా చేరిన ముప్ఫై ఒక్కేళ్ళ యువకుడే ఈ నెలాఖరున భద్రతా వలల విభాగం ఫోర్‌మన్‌గా పదవీ విరమణ చేస్తున్న శ్రీ హుసేనప్ప గారు. ఎమ్మిగనూరులో ఎద్దులకు పగ్గాలు పేనే కుటుంబంలో పుట్టినందువల్ల ముడి వేయడం వారికి నడక వచ్చినంత సహజంగా వచ్చింది. ఆ ముడిని నమ్మి ఒక మనిషి పైకెక్కుతాడన్న స్పృహను మాత్రం ఉద్యోగంలోనే అలవరచుకున్నానని వారే చెబుతుంటారు.

తొలినాళ్ళలో వారు పరంజాలకు తాళ్ళు కట్టేవారు. అప్పట్లో మన పనుల్లో వలలు లేవు. ఎత్తున పనిచేసేవారికి ఆధారం దేవుడూ, పక్కవాడి చెయ్యీ. సంస్థ వలలు తెప్పించాలని నిర్ణయించినప్పుడు శిక్షణకు బెంగళూరు వెళ్ళివచ్చిన మొదటి బృందంలో హుసేనప్ప గారు ఉన్నారు. అంతస్తు అంచుల చుట్టూ వల కట్టించడం, పైనుంచి ఇసుక మూటను జారవిడిచి అది ఆగిందో లేదో చూడటం, ఆగితేనే మనుషులను పైకి పంపడం వారి నిత్యకృత్యమైంది. సాయంత్రం కాగానే వలల్లో పడిన చెక్కముక్కలనూ మేకులనూ దులిపించేవారు. ఎవరైనా విసుక్కుంటే, "మీ ఇండ్లల్లో పరుపు మీద మేకులు పోసుకొని పండుకుంటారాప్పా?" అని అడిగేవారు. తిట్టు లేకుండా సిగ్గుపడేలా చేయడం వారికి బాగా వచ్చు.

వారి వ్యక్తిత్వాన్ని చెప్పడానికి 2009 దసరా నాటి సంఘటన ఒక్కటి చాలు. ఆయుధ పూజకు మన మేస్త్రీలు పారలూ తట్టలూ కడిగి బొట్లు పెట్టడం ఆనవాయితీ. ఆ ఏడు సెంట్రింగ్ మేస్త్రి హంపన్న గారికి మరింత భక్తి కలిగింది. మనల్ని కాపాడే వలలకు పూజ లేకపోతే ఎలాగని, హుసేనప్ప గారు సెలవులో ఉన్న రోజున, నాలుగో అంతస్తు వలలన్నీ విప్పించి, కడిగించి, కింద షెడ్డులో మడతలు పెట్టి, పసుపు కుంకుమలతో, బంతిపూలతో ఘనంగా పూజ చేయించారు. పూజలో పెట్టిన సామానును దశమి సాయంత్రం దాకా కదపకూడదని మన ప్రాంతంలో కట్టడి. దశమి మంచిరోజు కనుక స్లాబు పోయడం ఆ ఉదయమేనని పై అధికారుల ఆదేశం. రెండూ ఒకే రోజున వచ్చాయి.

తెల్లవారి వచ్చిన హుసేనప్ప గారు పైకి చూసి, నేరుగా వెళ్ళి మెట్లకు అడ్డంగా నిలబడ్డారు. కాంక్రీటు లారీలు బారులు తీరి ఉన్నాయి.

"పూజ చేసినామప్పా, ఆ వలే కాపాడుతాది. దారి ఇడువు," అన్నారు హంపన్న గారు.

"షెడ్డులో పండుకొని ఎట్ల కాపాడుతాదప్పా? దాని జాగా ఆడ, పైన."

"ముట్టుకుంటే పాపం!"

"ఆ పాపం నాకే రానీ," అంటూ షెడ్డులోకి నడిచి, చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, పూలదండలు తీసి పక్కన పెట్టి, తొలి వలను తానే భుజానికెత్తుకున్నారు. తర్వాత వారి బృందంలోని ఇద్దరు వెంట నడిచారు. మిగిలినవారు చూస్తూ నిలబడ్డారు.

వలలు కట్టి, ఇసుక మూట జారవిడిచి చూసేసరికి మధ్యాహ్నమైంది. లారీలు వెనుదిరిగాయి. మరునాడు పోసిన స్లాబు సవ్యంగా పూర్తయింది. ఒక్కరూ జారలేదు. అప్పటి అధికారి ఆగ్రహంతో, "చూశావా, ఎవరూ పడలేదు! ఊరికే ఒక రోజు పాడుచేశావు," అన్నారు.

"పడలేదని ఇప్పుడు తెలిసింది సార్. నిన్న పొద్దున మీకూ తెలీదు, నాకూ తెలీదు," అన్నారు హుసేనప్ప గారు.

ఆ సమాధానానికి ఫలితంగా వారిని పై పని నుంచి తప్పించి, నేను పనిచేసే స్టోర్స్‌కు పాత వలలు బాగుచేయడానికి పంపారు. మా పరిచయం అలా మొదలైంది. పై పని పోయిందని వారు ఒక్కనాడూ వాపోలేదు, చేసినది పొరపాటని ఒప్పుకోనూ లేదు. పనికిరాని వలలను ఎవరూ తిరిగి వాడకుండా ముక్కలు చేసేవారు. మా పెరట్లో బీరపాదుకు ఒక పెద్ద వల అడిగితే, చిన్న చిన్న ముక్కలే ఇచ్చారు. "పాదుకు చాలు మేడం. పెద్దదిస్తే రేపు ఎవరో ఒకరు దీన్ని మనిషి కింద కడతారు," అన్నారు. ఆ ముక్కలన్నీ కలిపి కుట్టుకోవడానికి నాకొక ఆదివారం పట్టింది. బీరకాయలు మాత్రం బాగా కాశాయి.

మరుసటి దసరాకు హంపన్న గారే బూడిద గుమ్మడికాయ చంకన పెట్టుకుని స్టోర్స్‌కు వచ్చారు. "ఈ తూరి వలలు దించేది లేదప్పా. పూజ పైనే. నువ్వు రాందే మావోళ్ళు ఎక్కమంటాండారు," అన్నారు. అధికారి కూడా కాదనక, హుసేనప్ప గారిని తిరిగి పై పనికి పంపారు. పైన పూజ ముగిశాక గుమ్మడికాయ పగలగొట్టబోతే హుసేనప్ప గారు ఆపి, దాన్ని వలలోకి జారవిడవమన్నారు. కాయ ఒక్కసారి ఎగిరి, పగలకుండా నిలిచింది. అదే ఇప్పటికీ మన ఆచారం. ఆ కాయను ఇంటికి తీసుకెళితే, వారి అర్ధాంగి శ్రీమతి ఉరుకుందమ్మ గారు "దిష్టికాయను ఇంటికి తెస్తారా ఎవరన్నా?" అని కోప్పడ్డారట. "పగలని కాయలో దిష్టి యాడుంటాది?" అని వీరి జవాబు. ఆ వాదం తేలకపోవడంతో కాయ మా ఇంటికి వచ్చి వడియాలైంది.

ఫోర్‌మన్‌గా వారు తీర్చిదిద్దిన శిష్యులెందరో. వారి స్థానంలోకి వస్తున్న కుమారి నేత్రావతి ఆ శిష్యుల్లో ఒకరు. తన తరువాత ఈ పట్టుదల నిలుస్తుందా, పై నుంచి ఒత్తిడి వచ్చిన రోజున మెట్ల దగ్గర ఎవరు నిలబడతారు అన్న చింత కొన్ని నెలలుగా వారిని వదలలేదు. మధ్యాహ్నం క్యారియర్ విప్పుకున్నప్పుడల్లా ఆ మాటే ఎత్తేవారు.

గత వారం కొత్త భవనంలో, ఆఖరిసారిగా పై అంతస్తు చూడాలని వారు మెట్లెక్కబోతుండగా నేత్రావతి అడ్డంగా వచ్చి నిలబడింది.

"సార్, ఇల్లే నిల్లి," అంది కన్నడంలో, అక్కడే ఆగమంటూ. "వల ఇంకా పాసు కాలా."

"నేనేనమ్మా!"

"మీరైనా సరే సార్. మూట పడనీండి."

హుసేనప్ప గారు వెనక్కి వచ్చి, హెల్మెట్ చేతపట్టుకుని, కూలీల వరసలో చివర నిలబడ్డారు. పైనుంచి ఇసుక మూట పడింది. వల దాన్ని పట్టుకుంది. నేత్రావతి పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. మెట్లెక్కుతున్నప్పుడు వారి ముఖంలో నేను చూసిన నిశ్చింత ఏ సన్మాన పత్రమూ ఇవ్వలేనిది.

ఇన్నేళ్ళు మా అందరి ఇళ్ళకూ మనుషులను క్షేమంగా పంపిన హుసేనప్ప గారు, ఇక తమ ఇంటి నీడలో శ్రీమతి ఉరుకుందమ్మ గారితో కలిసి, సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు నూరేళ్ళు హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. దసరాకు మాత్రం తప్పక రావాలి. గుమ్మడికాయ జారవిడిచే చెయ్యి మీదే. వడియాలు నా బాధ్యత.

— ఝాన్సీలక్ష్మి, స్టోర్స్ విభాగం