ఇంటికి కాపలా

వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల లోయలో ఆ రోజు నాన్న అంత్యక్రియలు. చర్చికి బయల్దేరే ముందు తమ్ముడు వెండెల్‌కి టై ముడి వేస్తోంది ఓపల్.

“మీరు వెళ్ళి రండక్కా. ఇంటి దగ్గర నేనుంటా.”

“నాన్న శవపెట్టె మొయ్యాల్సినవాడివి, నువ్వుండటమేంట్రా?”

“పేపర్లో చావు కబురు చూసి, ఇంట్లో ఎవరూ లేనప్పుడొచ్చి పోయినవాళ్ళ నొప్పి మాత్రలు మత్తు కోసం ఎత్తుకుపోతున్నారుగా.”

“అందుకే బాబాయి ఉంటానన్నాడు.”

“అంటే నన్ను నమ్మవన్నమాట.”

“నువ్వా మాత్రలు మానేసి తొమ్మిది నెలలైంది. నమ్మాలనే ఉందిరా.”

“గనిలో నా నడుం విరిగినప్పుడు డాక్టరు రాసిచ్చినవే కదా అవి?”

“వాటి కోసం అమ్మ ఉంగరాన్ని అమ్మేసింది మాత్రం డాక్టరు కాదుగా.”

వెండెల్ తల దించుకున్నాడు. అంత మాట అనకుండా ఉండాల్సిందనుకుంటూ ఓపల్ అతని కాలరు సర్దింది.

“అయినా ఇక్కడేం మిగల్లేదురా. నాన్న పోయిన గంటకే ఇంటికొచ్చే నర్సు చూస్తుండగా ఆయన మాత్రలన్నీ బాత్రూములో పారబోశాను. వచ్చినవాళ్ళు తలుపులు విరగ్గొట్టకుండా బాబాయి ఉంటాడంతే.”

“అన్నీనా?”

“అన్నీ.”

“అలమరలో లేవని తెలుసక్కా. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు చూశాను.”

ఓపల్ చేతులు టై మీదే ఆగిపోయాయి.

“ఇంకెక్కడైనా దాచావేమో అనుకున్నా. అందుకే ఉంటానన్నాను.”