రౌండు రౌండుకీ వేడి బజ్జీ

అమెరికాలో, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఓ ఇండియన్ కిరాణా కొట్టు. ఎన్నికల రోజు సాయంత్రం, వెనక వంటగదిలో భార్యాభర్తలు.

“అయిపోయిందా? ఏం అయిపోయింది?”

“కౌంటింగండీ. మన సెనేటరే మళ్ళీ గెలిచాడట. టీవీలో చెప్పేశారు.”

“పోలింగ్ ముగిసి కాఫీ తాగేంత సేపన్నా కాలేదు కదా లక్ష్మీ!”

“తిరుగులేని మెజారిటీ అట. అవతలివాడు మైకు పట్టుకుని కంగ్రాట్స్ కూడా చెప్పేశాడు.”

“ఒక్క రౌండైనా చెప్పకుండానే?”

“రౌండ్లేంటండీ, ఇదేమన్నా తెనాలా? రౌండు రౌండుకీ వేడి బజ్జీ అని తలుపుకి బోర్డు తగిలించే ముందు ఎవర్నైనా అడిగారా?”

“మనూళ్ళో కౌంటింగంటే పొద్దుట్నించి జనం టీవీ ముందు నుంచి లేవరు. ఆ గిరాకీ లెక్కేసుకునే కదా...”

“ఈయన ఎన్నేళ్ళుగా గెలుస్తున్నాడో! ఎవరికండీ టెన్షన్? ఈ గంగాళం పిండి ఎవరు తింటారిప్పుడు? మీరా, నేనా?”

“ఫ్రిజ్‌లో పెడితే...”

“పులుస్తుంది.”

“ముందది చెప్పు, కొట్లో టీవీ ముందు కూర్చున్న పెద్దాళ్ళు ఉన్నారా, లేచారా?”

“లేచారు. చెప్పులేసుకుంటున్నారు. ఇదిగో, వీరాంజనేయులుగారు ఇటే వస్తున్నారు.”

“ఏం శంకరం, లోపల పోట్లాటా?”

“అబ్బే, ఏం లేదు బాబాయ్‌గారూ. సెనేటర్ గెలిచేశాడుగా. ఇంటికి డ్రాప్ చేయమంటారా?”

“గెలిచాడని ఎవరన్నారు? టీవీ వాడా? ఆర్డీవోగా ఎన్ని కౌంటింగులు చేయించానయ్యా నేను! రిటర్నింగ్ ఆఫీసరు సంతకం పెట్టి సర్టిఫికెట్ చేతికివ్వందే గెలిచినట్టు కాదు. వాళ్ళకీ అదే చెప్పి మళ్ళీ కూర్చోబెట్టి వచ్చా.”

“కానీ ఇక్కడ అలా...”

“ఏవండీ, ఆయన్ని చెప్పనివ్వండి!”

“ఇక్కడా ఏదో కాయితం ఇస్తారుగా శంకరం? ఎప్పుడిస్తారు?”

“ఇస్తారు గానీ... మీ దగ్గర అబద్ధమెందుకు, రెండు మూడు వారాలు పడుతుందండీ. అన్నాళ్ళు ఎవరు కూర్చుంటారు?”

“మూడు వారాలా! భలే! ఇంట్లో మా మనవడు రిమోట్ ఇవ్వడు, పలకరించే మనిషి లేడు. కౌంటింగ్ ఇంకా అవలేదు, రోజూ సాయంత్రం నన్నిక్కడ దింపమని మా అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేస్తా. బజ్జీలు వేయించమ్మా!”