మొదటి పాఠాల మొనగాడు

“నాలుగొందల పది. నేను మొదలుపెట్టినప్పుడు నా జేబులో ఉన్నది అంతే. పదకొండు విద్యలు చూసొచ్చాక ఎంత మిగిలిందో చెప్పు బాబాయ్?”

ప్రెస్సులో పుస్తకాలు కుట్టే బైండరు బాబాయి టీ గ్లాసులోంచి తలెత్తలేదు. “నువ్వే చెబుతావుగా.”

“నాలుగొందల పది!”

అతన్ని వీధిలో అందరూ ‘మొదటిపాఠం’ అంటారు. మొదటి క్లాసు ఉచితం అని బోర్డు కనబడితే చాలు, అది ఏ విద్యయినా సరే లోపలికి వెళ్లిపోతాడు. రెండో క్లాసులో మాత్రం అతన్ని చూసినవాళ్లు లేరు. ఆ మొదటి పాఠాల్లో చూసినవే బొమ్మలు వేసి పిల్లల పత్రికలకు, పుస్తకాలకు ఇస్తుంటాడు. ఆ ఉదయం ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో అట్టఫైలు పెట్టుకుని, వాళ్ల వదిన టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. ఎదురుగా ప్రెస్సు, దాని మేడ మీద పబ్లిషరమ్మ గది. పిల్లల లెక్కల పుస్తకానికి బొమ్మలు వేయడానికి ఆవిడ ఇద్దర్ని రమ్మంది. ఒకరు ఆర్టు కాలేజీ ఆయన, ఇప్పుడే పైకి వెళ్లాడు. రెండోవాడు ఇతను. పని దొరికితే పేరు అట్ట మీద పడుతుంది. ఇంతవరకూ అతని పేరు ఏ అట్ట మీదా పడలేదు.

“ఖర్చు సున్నా, చూసింది పదకొండు విద్యలు. లాభం ఎంత శాతమో కట్టాలంటే సున్నాతో భాగించాలి. కుదరదు! అంటే నా లాభం లెక్కలకే అందలేదన్నమాట.”

“పదకొండూ వచ్చేశాయా?” అన్నాడు పార్సిల్ వ్యాను డ్రైవరు. పుస్తకాల కట్టల కోసం వచ్చాడతను. ఎవరేం చెప్పినా నమ్మే మనిషి.

“ఒక్కటీ రాలేదన్నా! అక్కడే ఉంది కిటుకంతా. ఈత వచ్చినవాడికి నీళ్లు కనబడవు, అవతలి గట్టే కనబడుతుంది. నేనో, ఈత క్లాసులో గంటసేపు గట్టు కడ్డీ పట్టుకుని వేలాడాను. ఆ కొలనులో ప్రతి చుక్కా నాకు ముఖపరిచయమే. కొన్ని చుక్కలైతే నా కడుపు దాకా వచ్చి పలకరించి వెళ్లాయి. ఇంటికొచ్చి ఈతకుర్రాడి బొమ్మ వేశాను. పత్రికలో పడింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ పేజీ మూల చెమ్మగా ఉందని పిల్లలు ఉత్తరాలు రాశారు.”

“ఆ చెమ్మ నా జిగురుది,” అన్నాడు బాబాయి.

“జిగురులో చేపపిల్ల ఉంటుందా బాబాయ్? ఒక పిల్లాడికి దొరికిందట. సరే, అది చిన్న విషయం, వదిలెయ్. వయొలిన్ క్లాసుకు వెళ్లాను. కమాను ఒక్కసారి లాగాను. మాస్టారు కళ్లు మూసుకుని, ‘నాయనా, ఇంక చాలు’ అన్నారు.”

“అంత బాగా వాయించావా?” అన్నాడు డ్రైవరు.

“అలాగే అనుకుందాం. ఆ బొమ్మ ఉన్న పుస్తకం లైబ్రరీకి వెళ్లింది. పేజీ తెరిస్తే చాలు, కుయ్యిమని మోత. ఇక్కడ శబ్దం చేయకూడదని పుస్తకాన్ని తీసుకెళ్లి వరండాలో కూర్చోబెట్టారు. అక్కడా ఊరుకుందా? రోడ్డు మీద పోయేవాళ్లు వరండాలోకొచ్చి వినడం మొదలుపెట్టారు. లోపల చదివేవాళ్ల కన్నా బయట వినేవాళ్లు మూడింతలు!”

వదిన పొయ్యి మంట తగ్గించి, “పాలు పొంగుతున్నాయనుకున్నా, నువ్వా?” అంది.

“నవ్వు వదినా, నవ్వు. రొట్టెల క్లాసులో నా పిండి పొంగలేదు. ఇటుక చేశావేమిట్రా అన్నారు. ఆ కసితో బొమ్మలో పిండి పిసికాను. పేజీ పొంగింది! పుస్తకం మూతపడితేనా? బీరువాలో పెడితే తెల్లారేసరికి తలుపులు ఊడొచ్చాయి.”

“బీరువా ఎవరిదిరా?”

“మధ్యలో అడ్డుపడకు బాబాయ్. అల్లిక క్లాసులో దారం నా మెడకే చుట్టుకుంది. దాన్ని కత్తిరించి నన్ను బయటికి తీశారు. ఆ స్వెట్టరు బొమ్మ చూసి ఒక ఊళ్లో దుప్పట్లు మడిచి అటక మీద పడేశారు. మరుసటేడు చలికాలం ఆ ఊరి పొలిమేర దాకా వచ్చి, ఆ బొమ్మ చూసి, చెమట తుడుచుకుంటూ వెనక్కి పోయింది!”

డ్రైవరు గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. “ఆ తర్వాత?”

“తర్వాత గుర్రం. ఎక్కిన వైపు నుంచి కాక అవతలి వైపు నుంచి దిగాను. దిగాననే చెబుతున్నాను, గమనించు. తొమ్మిదో పేజీలో గుర్రం వేశాను, పదహారో పేజీలో పచ్చిక వేశాను. మధ్యలో ఏడు పేజీల దూరం. పుస్తకం అచ్చయి వచ్చాక తీసి చూస్తే తొమ్మిదో పేజీ ఖాళీ! పదహారులో గడ్డిపోచ లేదు. ఇరవయ్యో పేజీలో గుర్రం చెట్టు నీడన పడుకుని ఉంది, బొజ్జ ఇంత! రెండో ముద్రణకు పచ్చిక రెండింతలు వెయ్యమన్నారు. లేకపోతే అది పక్క పుస్తకాల్లో పడేట్టుంది!”

“మరి దాన్ని పట్టుకున్నారా?” అన్నాడు డ్రైవరు కంగారుగా.

“పట్టుకోవాలంటే చేతులుండాలిగా,” అంది వదిన.

అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ గరిటెతో వెనక గోడ చూపించింది. మరిది బొమ్మలు ఏవి అచ్చయినా కత్తిరించి అక్కడ అతికిస్తుందావిడ. అవన్నీ పొగకు గోధుమరంగు తిరిగాయి.

“అబ్బాయ్, ఆ ఈతకుర్రాడి చేతులేవి?”

“నీళ్లలో ఉన్నాయి వదినా.”

“వయొలిన్ ఆయనవి?”

“ఆయన అటు తిరిగి వాయిస్తున్నాడు.”

“రొట్టె ఆవిడవి పిండిలో. స్వెట్టరు అవ్వ ఒళ్లో పిల్లి పడుకుంది, ఆవిడవి దాని కింద. గుర్రం మీదవాడివి జూలులో. గోడ నిండా ఇంతమంది మనుషులున్నారు, ఒక్కడికైనా చెయ్యి ఉందా? నిజం చెప్పు. బొమ్మలు వెయ్యడం కూడా మొదటి క్లాసేనా?”

మొదటిపాఠం ఫైలు సర్దుకున్నాడు. “మొదటి రోజు ముఖాలూ, చెట్లూ చెప్పారు. చేతులు రెండో క్లాసులో చెబుతామన్నారు.”

బాబాయి నవ్వుతుంటే టీ ముక్కులోకి పోయింది. డ్రైవరు అతని వీపు చరిచాడు. వదిన మాత్రం నవ్వలేదు.

“నేనెందుకు అడిగానో తెలుసా? ఇందాక పబ్లిషరమ్మ టీకి వచ్చి చెప్పింది. అది వేళ్ల మీద లెక్కపెట్టడం నేర్పే పుస్తకమట. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అన్నీ చేతులే. ఆ నాలుగొందల పదిలో రెండో క్లాసుకు ఫీజు కట్టి ఉంటే ఏం పోయేది?”

అతను ఫైలు తెరిచాడు. నీళ్లు, పిండి, పిల్లి, జూలు. మూసేశాడు. పైనుంచి ఆర్టు కాలేజీ ఆయన నవ్వు వినబడింది. ఇస్త్రీ చొక్కా వీపుకు అంటుకుంది.

“వెళ్లిపోతావా?” అన్నాడు బాబాయి, ఈసారి మెల్లగా.

“ఎందుకెళ్తాను? ఇప్పటిదాకా పదకొండు విద్యలు రాలేదు. ఇది పన్నెండోది. డజను పూర్తయింది బాబాయ్!” ఫైలు బోర్లించి దాని మీద తెల్లకాగితం పెట్టాడు. “వదినా, ఆ ఖాళీ గ్లాసులు తియ్యి. నువ్వు రోజూ తీస్తావే, అలాగే.”

ఖాళీ గ్లాసులు ఐదింటిలో ఐదు వేళ్లు దూర్చి ఒక్కసారే ఎత్తడం ఆవిడకు అలవాటు. ఎత్తి నిలబడింది. అతను వెయ్యడం మొదలుపెట్టాడు. బొటనవేలు తప్పు వైపు మొలిచింది. చెరిపాడు. ఈసారి వేళ్లు ఆరయ్యాయి. బాబాయి లెక్కపెట్టి చెప్పాడు. మళ్లీ చెరిపాడు. కాగితం అక్కడ పలచబడింది.

“మళ్లీ దాచేశావురా, వేళ్లన్నీ గ్లాసుల్లో పెట్టి!” అన్నాడు బాబాయి.

“గాజు గ్లాసులు బాబాయ్. లోపలివన్నీ కనబడతాయి. దగ్గరగా చూడు.”

చూశాడు. ఐదు గ్లాసులు, ఐదు వేళ్లు. చిటికెనవేలు కాస్త వంకర. చూపుడువేలు మీద పాల గిన్నె తగిలి కాలిన మచ్చ.

“మచ్చ కూడా వేశావా?” అంది వదిన, చెయ్యి నొప్పెడుతున్నా దించకుండా.

“ఇది కదులుతుందా?” డ్రైవరు వేలితో కాగితం తడిమాడు.

“లేదన్నా. ఇది కదలదు.” పెన్సిలు చెవి వెనక పెట్టుకున్నాడు. “గ్లాసుకొక వేలు, వేలికొక గ్లాసు. ఏ పిల్లాడైనా ఐదు లెక్కపెడతాడు.”

పై కిటికీలోంచి పబ్లిషరమ్మ తొంగిచూసింది. “రెండో ఆయన ఎవరండీ? రావచ్చు.”

ఫైలు బెంచీ మీదే వదిలేసి, ఆ ఒక్క కాగితం పట్టుకుని రోడ్డు దాటాడు.

“గుర్రం సంగతి పైన ఎత్తకు!” అని వదిన కేకేసింది.

“ఎత్తను వదినా, ఒట్టు!”

చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకుని, మొదటి మెట్టు మీద కాలు పెడుతూ మెల్లగా ఓసారి అని చూసుకున్నాడు. “నేను మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నవి ఐదే ఐదు వేళ్లండీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా…”